బిందె మీద పేరు

పాత సామాన్లు కొంటామని మైకు పెట్టుకొని ఆటోలలో తిరిగేవారు మన వీధులకు క్రొత్త కాదు. కాని పాత సామాన్లు కొనుటకు పట్నము నుండి ఆడవాళ్ళు మన మెట్ట ప్రాంతమునకు వచ్చుట మాత్రము ఈ మధ్యనే చూచుచున్నాము. శనివారము వచ్చునప్పటికి నెల్లూరు నుండి, మద్రాసు నుండి, బెంగుళూరు నుండి కూడ కార్లలో దిగి, ఆత్మకూరులో పాత ఇత్తడి ఎక్కడ దొరుకునని అడుగుచున్నారు. దీనికి 'వింటేజ్' అని పేరు పెట్టినారు. మన నాయనమ్మలు దీనిని 'అటక మీది సామాను' అనేవారు.

ఈ నెల మన శీర్షికలో ఒక తల్లి, ఒక కూతురు ఇట్లు బయలుదేరి తిరిగిన ఒక దినమును గూర్చి వ్రాయదలచినాము. తల్లి మా సంఘస్థురాలు. పేరు వ్రాయవద్దని కోరినది గనుక వ్రాయము. కుట్టుమిషను మీద సంసారము ఈదిన మనిషి. భర్త లేడు. ఒక్కతే కూతురు, బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది, పెండ్లి కుదిరినది. తల్లి రెండేండ్లుగా స్టీలు సామాన్ల చీటీ కట్టుచున్నది. బిందెలు, డబ్బాలు, ప్లేట్లు, గరిటెల స్టాండుతో సహా అన్నియు పేరు చెక్కించి పంపవలెనని ఆమె ఆశ. కూతురేమో, "అమ్మా, నాకు స్టీలు వద్దు. పాత ఇత్తడి కావాలి. నాలుగు ముక్కలైనా సరే, పాతవే కావాలి" అని కూర్చున్నది.

తల్లికి తల తిరిగిపోయినది. "పాత సామాన్లతో కాపురానికి పోతావా? మనకు లేక పెట్టలేదనుకుంటారు వాళ్ళు" అన్నది. మాట మీద మాట పెరిగి పదిహేను దినములు ఫోనులో కూడ మాటలు లేవు. పెండ్లి యింటిలో సామాన్ల మీద వచ్చిన పోట్లాట సామాన్లతో ఆగదని మనందరికీ తెలిసిన సంగతే. చివరకు మా ఇంటి అమ్మగారు కలుగజేసికొని, "ఇద్దరూ ఒక దినము కలిసి వెళ్ళి కళ్ళతో చూచి రండి. కొనకపోయినా ఫర్వాలేదు, సాయంకాలము మా ఇంట భోజనము చేసి పొండి" అన్నది. ఇక్కడ మేము వ్రాయునదంతయు ఆ రాత్రి మా వరండాలో కూర్చుండి వారిద్దరు చెప్పినదే. కొన్ని చోట్ల ఇద్దరి లెక్క కలియలేదు. అక్కడ తల్లి చెప్పినదే తీసికొన్నాము.

తెల్లవారి బస్సుకు ముందుగా ఉదయగిరి వెళ్ళినారు. ఉదయగిరి అనగానే కొండ మీది కోటయే మనకు జ్ఞాపకము వచ్చును. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గజపతుల నుండి దానిని గెలుచుకొన్నాడు. గెలిచి ఊరక పోలేదు. అక్కడి గుడిలోని బాలకృష్ణ విగ్రహమును హంపీకి తీసికొనిపోయి, దాని కొరకు గుడి కట్టించినాడు. ఆ విగ్రహము నేడు మద్రాసు మ్యూజియములో నున్నది. ఉదయగిరి నుండి పాత వస్తువులను మోసికొనిపోవుట ఈనాటి అలవాటు కాదని చెప్పుటకే ఈ మాట.

కోట ఎక్కుటకు తల్లి మోకాళ్ళు ఒప్పుకొనలేదు. వారు చూడబోయినది కొయ్య పని. ఉదయగిరిలో కొన్ని ముస్లిము కుటుంబములవారు తరతరములుగా కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, పళ్ళెములు చెక్కుచున్నారు. పనిలో ఆడవారి చేతులే ఎక్కువ. చుట్టుప్రక్కల కొండలలో దొరకు నర్ది, బిక్కి, దేవదారి మొదలగు కట్టెలను వాడుదురు. చెంచా కాడ చివర ఆకులు, లతలు, చేపలు తీర్చెదరు. కాడను జల్లెడవలె తొలిచి, విరగకుండ నిలబెట్టుటలో ఉన్నది వారి నేర్పు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. అనగా వేరొక ఊరిలో చేసిన దానిని 'ఉదయగిరి కొయ్య చెంచా' అని పేరు పెట్టి అమ్మకూడదు.

అక్కడ ఒక పెద్దామె అరుగు మీద కూర్చుండి చెంచా కాడకు గాట్లు పెట్టుచున్నది. కూతురు చాలసేపు చూచి, "ఇది పాతదా అమ్మా?" అని అడిగినదట. ఆమె నవ్వి, "ఇది పొద్దున్న మొదలుపెట్టింది తల్లీ. పాతది నేనే" అన్నదట. ఈ ముక్క చెప్పునప్పుడు తల్లి కూడ నవ్వినది. పదిహేను దినముల తరువాత వారిద్దరు కలిసి నవ్వినది అక్కడేనని మా అంచనా. రెండు గరిటెలు, ఆరు చెంచాలు, ఒక దువ్వెన కొన్నారు. బేరము కూతురు ఆడలేదు. తల్లియు ఆడలేదు. కుట్టుకూలి తీసికొను చెయ్యి గనుక, ఇంకొకరి చేతికూలి దగ్గర బేరమాడుట ఆమెకు చేతకాదు.

ఈ కొయ్య సామాను కొనువారికి ఒక మాట. నీళ్ళలో నానవేయకూడదు. వాడిన వెంటనే కడిగి, తుడిచి, నీడను ఆరవేయవలెను. ఎండలో పెట్టిన పగులును. నెలకొకసారి కొద్దిగా కొబ్బరినూనె రాసిన చాల కాలము మన్నును. అడుగంటని పెనములు వాడు ఇండ్లలో ఇనుప గరిటె కంటె ఇదే మేలు, పూత గీచుకొనిపోదు.

మధ్యాహ్నమునకు ఆత్మకూరు చేరినారు. పాత ఇనుము, పాత కాగితములు, పాత రాగి ఇత్తడి కొను అంగడి ఒకటి. ముందు భాగమున సైకిలు చక్రములు, మోటారు ముక్కలు. వెనుక చీకటి కొట్టులో ఇత్తడి. కూతురికి అక్కడ కాలు నిలువలేదు. గుండిగలు, కాగులు, మరచెంబులు, అన్నము వార్చు తపేలాలు, చిల్లుల గరిటెలు, పావుసేరు అరసేరు గిద్దలు, పాలచెంబులు, ఒక పాన్‌దాన్ కూడ. అన్నియు నల్లబారి, చిలుము పట్టి, ఒకదానిమీద ఒకటి. "ఒక్కొక్కటి చేతికి తీసుకుంటే ఎవరి ఇంట్లోనో వంట జరుగుతున్నట్టే ఉంది" అని కూతురు మాతో చెప్పినది.

ఇవి అంగళ్ళకు ఎట్లు చేరినవో తెలియని పిల్లలు ఇప్పుడు ఎక్కువ గనుక కొంచెము చెప్పెదము. మన ఇండ్లలోనికి స్టెయిన్‌లెస్ స్టీలు ఎక్కువగా వచ్చినది 1960ల తరువాత. ఇత్తడి తోముటకు చింతపండు, బూడిద, ఇటుకపొడి కావలెను, రెక్కలు అరగవలెను. స్టీలుకు ఒక్క కడుగు చాలును. పైగా ఇత్తడికి కళాయి కావలెను. స్టీలు వచ్చిన తరువాత ఆడవారి చేతులకు కొంత విశ్రాంతి కలిగినదనుట నిజము. ఇత్తడి పోయినదని కన్నీరు కార్చు రచయితలలో రోజూ గుండిగ తోమినవారు ఎందరో మాకు సందేహమే. గంప నెత్తిన పెట్టుకొని వీధిలోకి వచ్చినవారికి పాత చీరలు వేసి స్టీలు గిన్నెలు తీసికొన్నారు. వెండి జరీ గల చీరలైతే వారు వాటిని కాల్చి వెండి తీసికొనెడివారు. ఇత్తడి తూకమునకు పోయినది. కొంత ఇష్టముతోనే పోయినది.

కొంత ఇష్టములేక పోయినది. వానలు లేని మెట్ట ఊళ్ళలో, బోర్లు ఎండిన యేట, కువైటు వీసాకు డబ్బు కావలసినప్పుడు, ఆసుపత్రి మంచము దగ్గర, మొదట కమ్మలు పోవును, తరువాత ఇత్తడి పోవును. బంగారమునకు కుదువ అంగడి ఉన్నది, గడువులోగా విడిపించుకొనవచ్చును. ఇత్తడి అమ్మినది అమ్మినట్టే.

అంగడిలో కూతురు అందమైన వాటిని ప్రక్కకు తీయుచుండగా, తల్లి ఆ వస్తువుల అందము చూచుట లేదు. ప్రతి బిందెను త్రిప్పి, అంచును చీరకొంగుతో రుద్ది, వెలుతురుకు పట్టి చూచుచున్నది. ఒకటి, రెండు, పది. కూతురు విసుగుతో, "అమ్మా, సొట్టలు చూస్తున్నావా?" అన్నది.

"పేర్లు చూస్తున్నా" అన్నది తల్లి.

మన ఇండ్లలో పెండ్లికి పెట్టిన ప్రతి పాత్ర మీద పేరు చెక్కించు అలవాటు మీకందరికీ తెలియును. చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టెదరు: ఇంటిపేరు, పేరు, కొన్నిటి మీద ఊరు, సంవత్సరము. పెండ్లిలో, సమర్తలో చదివింపుగా వచ్చినదైతే ఇచ్చినవారి పేరు. చావు పుట్టుకల రిజిస్టరులో పేరులేని మన ముసలమ్మలు కొందరి పేరు వ్రాతలో ఉన్నది ఈ బిందెల మీదనే.

"ఎవరి పేరు?"

"మీ అమ్మమ్మ పేరు. నీకు ఇంటర్ ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు బిందె, రెండు గుండిగలు తూకానికి వేశాను. ఈ చుట్టుపక్కల కొనేవాళ్ళకే వేశా. ఎక్కడన్నా ఉంటుందేమోనని."

కూతురు చేతిలో నున్న చెంబు క్రింద పెట్టినదట. "నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నది.

"చెప్తే మాత్రం బిందె తిరిగొస్తుందా?"

కొంచెము సేపు ఎవరును మాటలాడలేదని ఇద్దరును ఒప్పుకొన్నారు. తరువాత తల్లి అన్న మాట ఇది, మా వరండాలో మరల అన్నది: "ఇవన్నీ ఎవరో ఒకరు ఏడుస్తా అమ్ముకున్నవి. వాటిని నువ్వు ముచ్చటకు కొని గోడకు పెట్టుకుంటానంటే నాకు ఒళ్ళు మండింది. స్టీలు కాదని కాదు."

ఈ మాట దగ్గర మేము కొంత ఆలోచించితిమి. ఆమె మాటలో న్యాయమున్నది. తూకమునకు కొన్న ధర ఒకటి, 'పాతకాలపుది' అని తుడిచి పట్నములో పెట్టిన ధర వేరొకటి. మధ్యనున్న లాభములో అమ్ముకొన్న తల్లికి పైసా రాదు. కాని వేరొక సంగతి కూడ చూడవలెను. ఎవరును కొననిచో ఆ గుండిగ అట్లే నిలిచియుండదు. లారీ ఎక్కి కొలిమికి పోవును, పేరుతో సహా కరగిపోవును. ఆనాడు అమ్మినవారి నష్టము ఈనాడు మన కూతుళ్ళు కొనకపోయినందువలన తీరదు. నిర్గమకాండములో ఒక చిన్న సంగతి ఉన్నది. ప్రత్యక్షపు గుడారము వాకిట నిలిపిన ఇత్తడి గంగాళమును, అక్కడ సేవించుటకు వచ్చిన స్త్రీల అద్దములతో చేసినారట. ఆ కాలపు అద్దములు మెరుగుపెట్టిన లోహపు బిళ్ళలు. ఆ స్త్రీల ముఖములు చూచిన లోహము కరగి గంగాళమైనది. అది వారు మనసార ఇచ్చినది. ఇష్టముతో ఇచ్చిన దానిని కరగించుట వేరు, లేక అమ్ముకొన్న దానిని కరగించుట వేరు అని మాకు తోచుచున్నది.

ఇంతకు అమ్మమ్మ బిందె దొరకలేదు. కొట్టులో నున్నవన్నియు చూచినారు. దొరకునని మేమును అనుకొనలేదు. అన్నేండ్ల క్రితము పోయిన ఇత్తడి ఎన్ని చేతులు మారినదో! దొరికినది ఒక మధ్యరకము గుండిగ. బరువైనది, అంచు మందము, ఎక్కడను అతుకు లేదు. అంచున ఎవరో తెలియని ఒక స్త్రీ పేరు, దాని ప్రక్కన 1961 అని అంకెలు. తల్లి దానిని చూచి, "ఇది మంచి పాత్ర. పదిమందికి అన్నం వండొచ్చు" అన్నది. ఆ దినములో ఆమె నోట పాత సామానుకు వచ్చిన మొదటి మెప్పు.

అంగడి ఆయన తూకము వేయుచు, "పేరు అక్కర్లేదనుకుంటే రాపించి ఇస్తానక్కా, పాలిషులో పోతుంది. పట్నం వాళ్ళు అందరూ తీయించుకుంటారు" అన్నాడు. కూతురు తల్లి ముఖము చూచినది. తల్లి, "ఉండనీ అబ్బయా. ఆమె వస్తువు" అన్నది. కూతురు డబ్బు ఇచ్చినది. ఇక్కడ తల్లి బేరమాడినది. గట్టిగానే ఆడినదని విన్నాము. అంగడి వ్యాపారి లాభము కుట్టుకూలి వంటిది కాదని ఆమె ఉద్దేశము కాబోలు.

పాత ఇత్తడి కొనదలచిన సహోదరీలకు ఆమె చెప్పిన మెళకువలు, మేము విచారించినవి కలిపి వ్రాయుచున్నాము. చిన్న అయస్కాంతము ఒకటి చేతిసంచిలో వేసికొనిపోవలెను. ఇత్తడికిగాని, రాగికిగాని, కంచుకుగాని అది అంటదు. అంటినదంటే లోపల ఇనుము, పైన పూత. ఇత్తడి అనగా రాగిలో జింకు కలిపినది, కంచు అనగా రాగిలో తగరము కలిపినది. కంచు పళ్ళెమును వ్రేలితో మీటిన గంటవలె చాలసేపు మ్రోగును. ఇత్తడి మ్రోత పొట్టిది. కంచు క్రిందపడిన పగులును, పగిలినచో మ్రోత చచ్చిపోవును. కనుక మీటకుండ కంచు కొనవద్దు. క్రొత్త వస్తువుకు రసాయనములు పూసి నల్లగా చేసి 'నూరేళ్ళ నాటిది' అని అమ్మువారు ఉన్నారు. నిజముగా వాడిన పాత్రకు చెయ్యి తగులు చోట, నేల తగులు చోట అరుగుదల కనబడును. అంతట ఒకే నలుపు ఉన్నదంటే అనుమానించవలెను.

విగ్రహములు, గుడి గంటలు, దీపస్తంభములు ఎంత చవుకగా వచ్చినను ముట్టుకొనవద్దు. అవి ఎవరి గుడి నుండి లేచి వచ్చినవో చెప్పలేము. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన శిల్పములు, చిత్రములు, పనితనము గల వస్తువులు పురావస్తువులుగా ఎంచబడును. వ్రాతప్రతులైతే డెబ్బదియైదేండ్లు చాలును. వాటితో వ్యాపారము చేయువారికి లైసెన్సు ఉండవలెను. దేశము దాటించుట నేరము. అమెరికాలో నున్న పిల్లలకు పాత వస్తువులు పెట్టెలో పెట్టి పంపు తల్లిదండ్రులు ఇది మనసునందుంచుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది కళాయి. కళాయి లేని ఇత్తడిలో, రాగిలో చింతపులుసు, పెరుగు, టమాటా పెట్టకూడదు. పులుపునకు రాగి కరగి కూరలో దిగును, వాంతులు, కడుపునొప్పి పట్టును. మన పెద్దలు అట్టి కూరను పారబోయునది ఇందుకే. కళాయివాడు పాత్రను నిప్పుల మీద కాల్చి, నవాసాగరము పొడి చల్లి, తగరపు కడ్డీ అంటించి, దూది గుడ్డతో ఒక్క విసురున లోపలంతయు తిప్పును. తెల్లని పొగ లేచి పాత్ర వెండివలె మెరయును. చిన్నతనములో వీధి మలుపున తిత్తి పెట్టిన కళాయివాని చుట్టు మూగని పిల్లలు మన తరములో ఎవరున్నారు? తగరము ఖరీదైనది గనుక సీసము కలుపువారును లేకపోలేదు. సీసము విషము. ఎదుట నిలుచుండి, తెలిసినవాని చేత వేయించుకొనవలెను. పాత్రలోపల ఎర్రదనమో పచ్చదనమో కనబడగానే మరల వేయించవలెను. గోడకు పెట్టుకొనుటకే అయితే కళాయి అక్కరలేదు.

గోడకు కాదు, వండుటకే అని ఆ పిల్ల మాతో అన్నది. ఆదివారము పులిహోర కలిపి స్నేహితులను పిలుచునట. తల్లి వెంటనే, "పులిహోర ఇత్తడిలో పెట్టకు. కళాయి ఉన్నా పెట్టకు. అన్నం వండు, పాలు కాచు" అని అడ్డుపడినది. మరల వాదన మొదలైనది. ఈసారి వింటున్న మాకు అది వినసొంపుగానే ఉన్నది.

స్టీలు చీటీ సంగతి కూడ ఆ రాత్రే తేలినది. చీటీ పూర్తి కానిచ్చి, దానితో బిందెలు మాని ఒక మంచి కుక్కరు, డబ్బాలు తీసికొందురు. గరిటెల స్టాండును మాత్రము తల్లి విడిచిపెట్టలేదు. ఉదయగిరి గరిటెలు దానికే తగిలించునట. తేలనిది ఒకటే. గుండిగ మీద 1961 నాటి పేరు క్రింద కొంత జాగా ఉన్నది. అక్కడ అమ్మమ్మ పేరు చెక్కించవలెనని కూతురు, పెండ్లికూతురి పేరే ఉండవలెనని తల్లి. మా ఇంటి అమ్మగారు మూడు పేర్లును పట్టునన్నది. మమ్ములను ఎవరును అడుగలేదు.

గుండిగ ప్రస్తుతము మా ఇంటనే ఉన్నది. దానికి కళాయి వేయించవలెను. ఆత్మకూరులో విచారించినాము. వెనుక ఈ పని చేసిన పెద్దాయన కన్ను కనబడక మానివేసినాడు, కొడుకులు వేరే పనులలో నున్నారు. ఉదయగిరి, వింజమూరు, కావలి ప్రాంతములలో నిప్పులమీద తగరముతో కళాయి వేయువారు ఎవరైన నేటికిని ఉన్నచో, పాఠకులు దయచేసి ఈ పత్రిక కార్యాలయమునకు కార్డు వ్రాయవలెనని కోరుచున్నాము. పెండ్లి రెండు నెలలలో ఉన్నది.